పీఎస్‌ఎల్‌వీ వరుస వైఫల్యాలు: రాకెట్లు పరిశ్రమ చేతికి వెళ్తున్న వేళ విచారణ నివేదికలు బయటకు రావాలా?

కక్ష్య_1971 | 2026 జనవరి 18

సభ్యులందరికీ నమస్కారం. జనవరి 12న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ62 మూడవ దశ ముగింపులో అదుపు తప్పి, ప్రధాన ఉపగ్రహమైన ఈఓఎస్-ఎన్1నూ, దానితో పాటు వెళ్లిన మరో 15 చిన్న ఉపగ్రహాలనూ కక్ష్యకు చేర్చలేకపోయిన సంగతి మీకు తెలుసు. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 కూడా మూడవ దశలోనే విఫలమై, 1,696 కిలోల ఈఓఎస్-09ను పోగొట్టింది. ఎనిమిది నెలల వ్యవధిలో ఒకే రాకెట్ ఒకే దశలో రెండుసార్లు విఫలం కావడం 1993 నుంచి నడుస్తున్న పీఎస్‌ఎల్‌వీ చరిత్రలో ఇదివరకు లేదు. 2017లో సీ39 విఫలమైనప్పుడు ఉష్ణకవచం విడిపోలేదన్న విషయం ఆ సాయంత్రానికే దేశమంతటికీ తెలిసింది. సీ61పై వేసిన వైఫల్య విశ్లేషణ సంఘం నివేదిక మాత్రం ప్రజల ముందుకు రాకుండానే సీ62 ఎగిరింది.

నా ప్రశ్న ఇస్రోను నిందించడానికి కాదు. ఐదు పీఎస్‌ఎల్‌వీల తయారీని సుమారు 860 కోట్ల రూపాయలకు హెచ్ఏఎల్, ఎల్ అండ్ టీ కూటమికి 2022లోనే అప్పగించారు. చిన్న ఉపగ్రహాల కోసం ఇస్రో రూపొందించిన ఎస్ఎస్ఎల్‌వీ రాకెట్ సాంకేతిక పరిజ్ఞానాన్ని 2025 జూన్‌లో 511 కోట్ల రూపాయల బిడ్‌తో హెచ్ఏఎల్ దక్కించుకుంది. ఇస్రో పరిశోధనకు పరిమితమై, నిలదొక్కుకున్న రాకెట్ల తయారీని పరిశ్రమకు వదలాలన్నది 2023 అంతరిక్ష విధానం చెప్పిన మాటే. రేపు ఒక కంపెనీ కట్టిన రాకెట్ విఫలమైతే, దాని కారణాన్ని డబ్బు కట్టిన వినియోగదారుకు, భాగాలు సరఫరా చేసిన వారికి, ప్రజలకు చెప్పవలసిన బాధ్యత ఎవరిది? ఇప్పుడున్న అలవాటే కొనసాగితే మార్కెట్ ఏర్పడుతుందా?

---

ఘనఇంధనం | 2026 జనవరి 18

కక్ష్య గారూ, ప్రశ్న సమంజసమే గానీ "ఒకే దశలో రెండుసార్లు" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. సీ61లో మూడవ దశ మోటారు గదిలో పీడనం పడిపోయిందని ఇస్రో అధ్యక్షుడు నారాయణన్ గారు ఆనాడే చెప్పారు. సీ62లో ఆ దశ చివరి వరకు బాగానే నడిచి, ముగిసే సమయంలో రాకెట్ తన అక్షం చుట్టూ దొర్లే వేగంలో తేడా కనిపించిందని, ఆ తరువాత దారి తప్పిందని చెప్పారు. బయటి నుంచి చూస్తే రెండూ మూడవ దశ వైఫల్యాలే. లోపల చూస్తే రెండింటికీ మూలం ఒకటే కావచ్చు, కాకపోవచ్చు.

ఎందుకంటే పీఎస్‌ఎల్‌వీ మూడవ దశలో రాకెట్ ముక్కు పైకీ కిందికీ, పక్కలకూ తిరగకుండా చూసే పని ఆ దశ నాజిల్‌దే, అంటే వాయువు వెలువడే గొట్టానిదే. దానిని కొద్ది డిగ్రీల మేర వంచి దిశను సరిచేస్తారు. దొర్లకుండా ఆపే పని మాత్రం ఆ దశది కాదు, పైన కూర్చున్న నాలుగవ దశ చిన్న థ్రస్టర్లది. కాబట్టి దొర్లుడు పెరిగిందంటే ఆ థ్రస్టర్ల వైపు లోపం ఉండి ఉండవచ్చు; లేదా ఘన మోటారులోనే ఏదో ఒక చోట నుంచి వాయువు పక్కకు చిమ్మి, థ్రస్టర్లు తట్టుకోలేనంత తిప్పుడు పుట్టించి ఉండవచ్చు. రెండవదే నిజమైతే సీ61తో చుట్టరికం ఉన్నట్టే. ఘన మోటారును ఒకసారి వెలిగించాక ఆర్పడం ఉండదు. ఇంధనానికీ, లోపలి ఇన్సులేషన్‌కూ మధ్య అతుకు ఎక్కడ విడిందన్నది టెలిమెట్రీలో, అంటే రాకెట్ పంపే సంకేతాలలో, నేరుగా కనిపించదు. పీడనం, ఉష్ణోగ్రత, త్వరణం గీతలను ఒకదానిపై ఒకటి పెట్టి ఊహించాలి, తరువాత నేల మీద అదే తయారీ విడతకు చెందిన మోటారును మండించి రుజువు చేసుకోవాలి. దానికి నెలలు పడుతుంది.

ఇక నివేదికల ప్రచురణ విషయం. ఘన మోటారు పరిజ్ఞానం క్షిపణుల పరిజ్ఞానమే. 2016లో క్షిపణి సాంకేతిక నియంత్రణ కూటమిలో చేరిన దేశంగా మనకు కొన్ని కట్టుబాట్లున్నాయి. కేసింగ్ ఎక్కడ బలహీనపడింది, ఇన్సులేషన్ మందం ఎంత, ఏ పరీక్షలో లోపం దొరకలేదు అన్న వివరాలను వెబ్‌సైట్లో పెట్టమని అడగడం సులువే. పెట్టేవారికి ఉండే ఇబ్బందిని కూడా చూడాలి.

---

చిన్న_ఉపగ్రహం | 2026 జనవరి 19

నేను ఉపగ్రహాల వైపు పనిచేసేవాడిని కనుక వినియోగదారుల మాట చెబుతాను. సీ62లో పోయిన చిన్న ఉపగ్రహాలలో హైదరాబాద్ సంస్థలవి ఉన్నాయి: ధ్రువ స్పేస్ వారి థైబోల్ట్-3, టేక్‌మీటుస్పేస్ వారి ఎంఓఐ-1 వంటివి. ఇలాంటి సంస్థలు సాధారణంగా ఒక ఉపగ్రహాన్ని రెండేళ్ల పాటు కట్టి, కంపన పరీక్షలు, ఉష్ణ శూన్య పరీక్షలు చేయించి, తరువాతి విడత పెట్టుబడికి దానినే ఆధారంగా చూపించుకుంటాయి. చిన్న ఉపగ్రహాలకు ప్రయోగ బీమా తీసుకునేవారు అరుదు, ఎందుకంటే ప్రీమియం బరువు ఉపగ్రహం ఖరీదుకు సరితూగదు. అందువల్ల రాకెట్ పోతే ఆ సంస్థకు మిగిలేది ఒక్కటే: ఎందుకు పోయిందన్న సమాచారం. తరువాతి ఉపగ్రహాన్ని అదే రాకెట్‌పై ఎక్కించాలా, విదేశీ రాకెట్‌కు డబ్బు కట్టాలా అన్నది తేల్చుకోవడానికి అదే ఆధారం. అది కూడా అందకపోతే పెట్టుబడిదారు ఎదుట కూర్చుని ఏం చెప్పాలి?

ఒక చిన్న విషయం ఆసక్తి ఉన్నవారి కోసం. ఆ రాకెట్‌పై వెళ్లిన స్పెయిన్ సంస్థ ఆర్బిటల్ పారడైమ్ వారి కిడ్ అనే చిన్న క్యాప్సూల్ అంత గందరగోళంలోనూ విడిపోయి, మూడు నిమిషాలకు పైగా సమాచారం పంపిందని ఆ సంస్థ ప్రకటించింది. వాతావరణంలోకి తిరిగి రావడమే దాని పని కాబట్టి సగం పని జరిగినట్టే. రాకెట్ విఫలమైన రోజున అందులోని ప్రయాణికుడు తన లెక్కను నాలుగు రోజులలో లోకానికి చెప్పగలిగితే, రాకెట్ నడిపినవారు ఎనిమిది నెలల్లో సీ61 గురించి రెండు పేజీలు చెప్పలేరా అన్నదే నా సందేహం.

---

హ్యూస్టన్_తెలుగు | 2026 జనవరి 19

ఘనఇంధనం గారి ఆందోళనను గౌరవిస్తూనే ఒక మాట. ప్రచురించడం అంటే డ్రాయింగులు బయట పెట్టడం కాదు. 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ మొదటి ప్రయోగం విఫలమైనప్పుడు ఇస్రోనే ఎంత చక్కగా వివరించిందో గుర్తు చేసుకోండి. రెండవ దశ విడిపోయే క్షణంలో పరికరాల అర మీద అతి స్వల్పకాలం కంపనం వచ్చింది; దానితో త్వరణమాపకాల రీడింగులు పరిమితి దాటాయి; సెన్సార్లు నిజానికి బాగానే ఉన్నా అవి చెడిపోయాయని సాఫ్ట్‌వేర్ తేల్చుకుని అత్యవసర పద్ధతికి మారింది; ఫలితంగా 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు ఒక కొస 76 కిలోమీటర్లకు దిగిన కక్ష్య వచ్చింది, ఉపగ్రహాలు వెంటనే రాలిపోయాయి. ఈ వివరణలో ఏ క్షిపణి రహస్యమూ లేదు. మరుసటి ఫిబ్రవరిలో రెండవ ప్రయోగం విజయవంతమైనప్పుడు దానిని నమ్మడానికి మా వంటివారికి కారణం దొరికింది. 2021లో జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 పోయినప్పుడు కూడా ద్రవ హైడ్రోజన్ ట్యాంకు వాల్వులో మెత్తని సీలు దెబ్బతిని, పీడనం నిలవలేదని చెప్పారు. అంటే అలవాటు లేక కాదు, ఉన్న అలవాటు తప్పింది.

ఇక్కడి అనుభవం కూడా ఉపయోగపడవచ్చు. 2015 జూన్ 28న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు తీసుకువెళ్తున్న ఫాల్కన్-9 గాలిలోనే పేలిపోయింది. రెండవ దశ ఆక్సిజన్ ట్యాంకు లోపల హీలియం సీసాను పట్టి ఉంచే ఒక ఊత విరిగిందని, సరఫరాదారు ఇచ్చిన భాగంలో లోపం ఉండవచ్చని స్పేస్‌ఎక్స్ చెప్పింది. నాసా తన స్వతంత్ర విచారణ సారాంశాన్ని 2018లో బయట పెట్టినప్పుడు కథ మరో మలుపు తిరిగింది. పరిశ్రమల్లో వాడే సాధారణ శ్రేణి పోత భాగాన్ని, తగినన్ని పరీక్షలు లేకుండా, అంత చల్లని చోట, అంత ఒత్తిడి కింద వాడడమే రూపకల్పన లోపమని నాసా సంఘం తేల్చింది. కంపెనీ ప్రైవేటుది, రాకెట్ ప్రైవేటుది, పరిజ్ఞానం ఎగుమతి నియంత్రణల కిందిది. అయినా ప్రజాధనంతో సరుకులు పంపించుకున్న సంస్థ తన నిర్ధారణను చెప్పింది.

---

బాలానగర్_లేత్ | 2026 జనవరి 20

హ్యూస్టన్ గారు చెప్పిన ఆ ఊత సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. బాలానగర్‌లో నాకొక చిన్న యూనిట్ ఉంది. రెండు సీఎన్‌సీ టర్నింగ్ మిషన్లు, ఒక మిల్లింగ్ మిషన్, ఒక పాత లేత్. పెద్ద కంపెనీలు తీసుకున్న అంతరిక్ష ఆర్డర్లలోని ఫిట్టింగులు, బ్రాకెట్లు, అడాప్టర్ రింగులు మా వంటివారికి జాబ్ వర్కుగా వస్తాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఈ పనికి పునాది పాతదే. ప్రభుత్వ లోహ సంస్థ మిధాని వారి మారేజింగ్ స్టీలు లేకుండా పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ కేసింగే లేదు. వికాస్ ఇంజిన్ భాగాలు ఎంటార్ వారు దశాబ్దాలుగా చేస్తున్నారు. అనంత్ టెక్నాలజీస్ 1992 నుంచి ఈ రంగంలోనే ఉంది. మేము ఆ పెద్ద చెట్ల కింద బతికేవాళ్లం.

వైఫల్యం జరిగిన మరునాటి నుంచి మాకు వచ్చే మొదటి కబురు ఏమిటంటే, మీ దగ్గరున్న రికార్డులన్నీ తీసి పెట్టండి అని. ఏ హీట్ నంబరు (లోహం కరిగించిన విడత నంబరు) మెటీరియల్, ఏ ఆపరేటర్, ఏ తేదీ, ఏ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, గేజ్ కాలిబ్రేషన్ ఎప్పుడు జరిగింది అన్నవన్నీ ఫైళ్లలో నుంచి తీసి స్కాన్ చేసి పంపిస్తాం. ఒకసారి ఒక పెద్ద కొనుగోలుదారు నుంచి మా ఒక విడత మొత్తాన్ని పక్కన పెట్టమని ఆదేశం వచ్చింది. నెలలు గడిచాక దానిని తీసుకోవచ్చునన్నారు. కారణం అప్పుడూ చెప్పలేదు, తరువాతా చెప్పలేదు. ఆ బిల్లు మాత్రం మరుసటి ఆర్థిక సంవత్సరంలో గానీ రాలేదు. తప్పు మాది కాదని మాకు తెలుసు. వీధిలో మిగతా యూనిట్లకు తెలియదు, బ్యాంకుకు అంతకన్నా తెలియదు.

నివేదిక బయటకు రాకపోతే నింద ఎప్పుడూ కిందికే జారుతుంది. ఊత చేసిన సరఫరాదారుపై పడిన మాట మూడేళ్ల తరువాతనైనా నాసా సారాంశం వల్ల సరయింది కదా. మాకు ఆ అవకాశం ఎక్కడుంది? పైగా పీఎస్‌ఎల్‌వీలు ఏడాదికి మూడు చొప్పున ఎగిరిన 2022, 2023, 2024లలోనే పని అరకొరగా ఉండేది. 2025లో ఒక్కటే ఎగిరింది, అదీ పోయింది. రాకెట్ నేల మీద నిలబడి ఉన్నన్నాళ్లూ మిషన్ ఈఎంఐ మాత్రం నిలబడదు.

---

ఘనఇంధనం | 2026 జనవరి 20

బాలానగర్ గారూ, మీరు చెప్పినది నేను పనిచేసిన రోజులలో బల్ల అవతలి వైపు నుంచి చూశాను, కాబట్టి కాదనలేను. ఒక విడతను పక్కన పెట్టడం విచారణలో తప్పనిసరి జాగ్రత్తే. దానిని ఎత్తివేసినప్పుడు కారణం రాసి ఇవ్వడానికి మాత్రం ఏ రహస్య నిబంధనా అడ్డు రాదు. ఎస్ఎస్ఎల్‌వీ మొదటి ప్రయోగంపై ఇచ్చినంత వివరణ సీ61కీ ఇవ్వవచ్చునన్న హ్యూస్టన్ గారి మాటతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరం పూర్తి నివేదిక విషయంలోనే, అది అలాగే ఉంటుంది.

---

లెక్కల_చిట్టా | 2026 జనవరి 21

చర్చ అంతా వైఫల్యం చుట్టూ తిరుగుతోంది గనుక డబ్బు వైపు నుంచి కూడా ఇదే ప్రశ్నను చూద్దాం. ఎస్ఎస్ఎల్‌వీ ఒక్కొక్కటి 30 నుంచి 35 కోట్ల రూపాయలలో తయారవుతుందని అంచనాగా చెబుతూ వచ్చారు. అది 500 కిలోమీటర్ల కక్ష్యకు 500 కిలోలు మోయగలదు. భూమి పరిశీలనకు కావలసిన సూర్య సమకాలిక కక్ష్యకైతే సుమారు 300 కిలోలే. అంటే తయారీ ఖర్చే కిలోకు మొదటి రకంలో ఆరేడు లక్షలు, రెండవ రకంలో పది లక్షల పైన. స్పేస్‌ఎక్స్ వారి ఉమ్మడి ప్రయోగాలలో ధర కిలోకు ఆరున్నర వేల నుంచి ఏడు వేల డాలర్లు, అంటే మన లెక్కలో ఆరు లక్షల రూపాయల చుట్టుపక్కల. వారి ఫాల్కన్-9 ఒక్క 2025లోనే 160 సార్లకు పైగా ఎగిరింది. ఇస్రో రాకెట్లన్నీ కలిపి ఎగిరినది ఐదుసార్లు.

హెచ్ఏఎల్ కట్టే 511 కోట్లను ఒక్కో ప్రయోగంపై ఐదు కోట్ల లాభంతో రాబట్టుకోవాలనుకుంటే నూటికి పైగా రాకెట్లు అమ్మాలి. ఏడాదికి ఎనిమిది అమ్మినా పన్నెండేళ్లు దాటుతుంది. ఐదు కోట్లన్నది నేను వేసుకున్న అంకె మాత్రమే. మీరు ఏడు వేసుకున్నా కథ పెద్దగా మారదు. కాబట్టి చిన్న రాకెట్ ధరలో గెలవలేదు. అది గెలవగలిగేది రెండు విషయాలలో: వినియోగదారు అడిగిన రోజున, అడిగిన కక్ష్యకు వెళ్లడం; వెళ్తుందన్న నమ్మకం. పీఎస్‌ఎల్‌వీ ఇన్నాళ్లూ విదేశీ ఉపగ్రహాలను రాబట్టినది నమ్మకంతోనే. అందువల్ల వైఫల్య నివేదికను నేను పారదర్శకత అనే నీతి సూత్రంగా చూడడం లేదు. అది అమ్మకపు ఖర్చులో ఒక పద్దు. బీమా కంపెనీ ప్రీమియం లెక్కగట్టేటప్పుడు కారణం తెలియని వైఫల్యాన్ని అన్నిటికన్నా చెడ్డ వైఫల్యంగానే రాసుకుంటుంది.

ప్రభుత్వం మొదటి కొనుగోలుదారుగా నిలబడితేనే ఇదంతా నడుస్తుంది. అమెరికాలో జరిగినదీ అదే. 2008 సెప్టెంబరులో ఫాల్కన్-1 నాలుగవ ప్రయత్నంలో కక్ష్య చేరింది. ఆ డిసెంబరులోనే నాసా 12 సరుకుల ప్రయాణాలకు 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. మన దగ్గర 52 నిఘా ఉపగ్రహాల కోసం 26,968 కోట్ల రూపాయలతో 2024లో ఆమోదించిన కార్యక్రమం ఉంది, వాటిలో 31 ఉపగ్రహాలను ప్రైవేటు సంస్థలే తయారు చేయాలి. ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ పర్యవేక్షణలో వెయ్యి కోట్ల రూపాయల వెంచర్ నిధి కూడా ఉంది. నిధి మంచిదే గానీ, పెట్టుబడి కన్నా ఆర్డరు విలువైనది. ఈ మాటను బాలానగర్ గారు నాకన్నా బాగా చెప్పగలరు.

---

సూళ్లూరుపేట_వాసి | 2026 జనవరి 22

పెద్దలు రాకెట్ లోపలి సంగతులు చెబుతున్నారు, నేను రాకెట్ బయలుదేరే చోటి సంగతి చెబుతాను. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు నేరుగా దక్షిణానికి వెళ్లడానికి లేదు, దారిలో శ్రీలంక ఉంది. అందుకని రాకెట్ మొదట ఆగ్నేయంగా వెళ్లి, తరువాత మలుపు తీసుకోవాలి. పెద్ద రాకెట్‌కు ఆ మలుపు ఖర్చు భరించదగినదే, చిన్న రాకెట్‌కు మోసే బరువులో పెద్ద భాగమే పోతుంది. ఎస్ఎస్ఎల్‌వీ కోసం తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో కొత్త కేంద్రం కట్టడానికి కారణం అదే. 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. మా ఊళ్లో కొందరు దీనిని మన నుంచి లాక్కుపోయినట్టు మాట్లాడతారు. భూగోళం చేసిన నిర్ణయానికి ఎవరిపై కోపగించుకోవాలి? మా వైపు కొత్త తరం ప్రయోగ వాహనం కోసం 3,984.86 కోట్ల రూపాయలతో మూడవ ప్రయోగ వేదిక 2025 జనవరిలో మంజూరైంది.

ప్రయోగం రోజున మా వైపు ఏం జరుగుతుందో బయటివారికి తెలియదు. వేటకు వెళ్లవద్దని తీర ప్రాంత మత్స్యకార గ్రామాలకు ముందే చెబుతారు. వాతావరణం బాగాలేక ప్రయోగం వాయిదా పడితే మళ్లీ ఆ రోజు కూడా పడవ కట్టేసుకోవాలి. ఏడాదికి ఐదు ప్రయోగాలైతే సర్దుకుపోతారు. స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్‌ను ఎగరేసినది ఇక్కడి నుంచే, అగ్నికుల్ 2024 మే 30న తన సొంత వేదిక నుంచి ఎగరేసినదీ ఇక్కడి నుంచే. ఇప్పుడు విక్రమ్-1 కక్ష్య ప్రయోగానికి సిద్ధమవుతోంది. ప్రైవేటు ప్రయోగాలు పెరిగి ఐదు కాస్తా ఇరవై, ముప్పై అయితే ఆ పోయిన వేట రోజులకు పరిహారం ఎవరు ఇవ్వాలి? ఇస్రోనా, కంపెనీనా, రాష్ట్రమా? ఈ దీవిలో కేంద్రం వచ్చినప్పుడు యానాదులు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిన చరిత్ర మాకు ఉంది. అది దేశం కోసం అన్నారు, సరే. కంపెనీ లాభం కోసం జరిగే ప్రయోగానికి అదే జవాబు సరిపోదు.

ఇంకొకటి. రాకెట్ విఫలమైన ప్రతిసారీ మా సభ్యులు మూడవ దశ, నాలుగవ దశ అంటూ మాట్లాడుకుంటారు. అదే మొదటి దశలో, మా తల మీద జరిగితే? ఇప్పుడైతే శ్రీహరికోటలో అన్ని ప్రయోగాలకూ రేంజ్ భద్రత ఇస్రోదే, అవసరమైతే గాలిలోనే రాకెట్‌ను పేల్చివేసే అధికారం వారిదే. ఆ నమ్మకం మీదనే మేము మేడ మీద నిలబడి పిల్లలకు చూపిస్తున్నాం.

---

న్యాయదర్పణం | 2026 జనవరి 23

సూళ్లూరుపేట వాసి గారు అడిగిన ప్రశ్నకు ఇప్పటికి చట్టంలో నేరుగా జవాబు లేదు, ఆ లేకపోవడమే ఈ చర్చకు మూలమని నా అభిప్రాయం. 1967 అంతరిక్ష ఒప్పందం ఆరవ అధికరణం ప్రకారం ప్రైవేటు సంస్థ చేసిన పనికీ దేశమే బాధ్యత వహించాలి. 1972 బాధ్యతా ఒప్పందం ప్రకారం మన రాకెట్ శకలం మరో దేశపు నేల మీద పడి నష్టం చేస్తే, తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే భారత ప్రభుత్వం పరిహారం చెల్లించాలి. ఆ చెల్లించిన దానిలో కంపెనీ నుంచి ఎంత రాబట్టుకోవాలి, కంపెనీ ఎంత బీమా చేయించాలి, ఆ పైది ప్రభుత్వం భరిస్తుందా అన్నది దేశీయ చట్టం చెప్పాలి. అమెరికా 1984లో చట్టం చేసి, 1988 సవరణతో ఈ వాటాలను తేల్చుకుంది. మన అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా 2017 నుంచి ముసాయిదాగానే ఉంది. 2023 విధానం విధానమే గానీ చట్టం కాదు. అనుమతులిచ్చే ఇన్‌స్పేస్‌కు కూడా పార్లమెంటు చట్టం ఇచ్చిన పునాది లేదు.

ఇవన్నీ గాలి మాటలని ఎవరైనా అనుకుంటే, 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్‌హెడ్ తీరానికి కొట్టుకువచ్చిన పెద్ద లోహపు డ్రమ్మును గుర్తు చేస్తాను. అది పీఎస్‌ఎల్‌వీ మూడవ దశ శకలమే అయి ఉంటుందని ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థ ప్రకటించింది. నష్టం జరగలేదు గనుక గొడవ లేదు. 1979లో స్కైలాబ్ పడుతుందని మన పల్లెల్లో జనం ఉన్న కోళ్లనూ మేకలనూ కోసుకుని తిన్న కథలు మా ఇంట్లో పెద్దవారు ఇప్పటికీ చెబుతారు. చివరకు అది పడినది కూడా ఆ పశ్చిమ ఆస్ట్రేలియాలోనే, చెత్త వేసినందుకు అక్కడి ఎస్పరెన్స్ స్థానిక పాలక మండలి నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది.

ఇక నివేదికల విషయం. మనకు ఇంట్లోనే ఒక నమూనా ఉంది. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలితే, విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ నెల రోజులలో ప్రాథమిక నివేదికను ప్రచురించింది. అది తయారీదారు దయ మీద గానీ, విమానయాన సంస్థ ఇష్టం మీద గానీ జరిగినది కాదు, నిబంధన ప్రకారం జరిగింది. అంతరిక్ష రంగంలో రాకెట్ కట్టినవారే, లేదా కట్టించినవారే, తమ వైఫల్యాన్ని తాము విచారించి, బయట పెట్టాలో లేదో తామే నిర్ణయించుకుంటున్నారు. ఇస్రో ఒక్కటే రాకెట్లు కట్టినంత కాలం దీనిని భరించాం. హెచ్ఏఎల్ కట్టి, ఇస్రో వాణిజ్య విభాగమైన ఎన్‌ఎస్‌ఐఎల్ అమ్మి, ఇస్రో రేంజ్ నుంచి ఎగిరి, విదేశీ ఉపగ్రహాన్ని పోగొట్టే రాకెట్‌కు ఈ పద్ధతి కుదరదు. ముగ్గురిలో ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరినీ చూపించగలరు.

---

ఘనఇంధనం | 2026 జనవరి 23

విమానంతో పోలిక పూర్తిగా అతకదు. విమానంలో ప్రయాణికులుంటారు, ఆ దర్యాప్తుకు అంతర్జాతీయ ఒడంబడిక ఉంది. రాకెట్ వైఫల్యాల శాతం వేరు, పరిజ్ఞానపు సున్నితత్వం వేరు. స్వతంత్ర దర్యాప్తు సంస్థ పెట్టినా అందులో కూర్చోగలిగిన ఘన మోటారు నిపుణులు దేశంలో ఎక్కడి నుంచి వస్తారు? ఇస్రో నుంచో, డీఆర్‌డీవో నుంచో రావాలి. పేరుకు స్వతంత్రం, మనుషులు వారే.

---

న్యాయదర్పణం | 2026 జనవరి 23

మనుషులు వారే అయినా ఫరవాలేదు, వారు సంతకం చేసిన కాగితం ఎవరికి చేరాలి, ఎన్ని రోజులలో చేరాలి, అందులో ఏ భాగం ప్రజలకు వెళ్లాలి అన్నది ముందే రాసి ఉంటే చాలు. నేను అడుగుతున్నది అంతే. కొత్త భవనం, కొత్త బోర్డు అక్కరలేదు.

చట్టం వచ్చేదాకా చేయగలిగినది ఒకటుంది. సమాచార హక్కు చట్టం 8(1)(ఎ) కింద దేశ భద్రత, వ్యూహాత్మక, శాస్త్రీయ ప్రయోజనాలకు భంగం కలిగించే సమాచారాన్ని నిరాకరించవచ్చు, ఆ జవాబే వస్తుందని ముందే అనుకోవచ్చు. కానీ అదే చట్టం పదవ సెక్షన్ ప్రకారం మినహాయింపు ఉన్న భాగాన్ని తీసివేసి మిగతాది ఇవ్వాలి. కాబట్టి "నివేదిక ప్రతి ఇవ్వండి" అని అడిగితే ఒక్క వాక్యంతో తోసిపుచ్చుతారు. విడివిడి ప్రశ్నలుగా అడగాలి: సీ61 సంఘం ఎప్పుడు నివేదిక సమర్పించింది, ఎన్ని సిఫారసులు చేసింది, వాటిలో ఎన్ని సీ62కు ముందు అమలయ్యాయి, సీ62కు అనుమతి ఇచ్చిన సమీక్షా సమావేశాల తేదీలు ఏమిటి. వీటిలో క్షిపణి రహస్యం ఏదో ఘనఇంధనం గారే చెప్పాలి.

---

ఘనఇంధనం | 2026 జనవరి 24

వీటిలో ఏదీ లేదు. మూడవ ప్రశ్నను మాత్రం కొంచెం మార్చండి. సిఫారసులలో కొన్ని ఆ ఒక్క మోటారుకు, కొన్ని మొత్తం తయారీ పద్ధతికి సంబంధించి ఉంటాయి. సీ62 మూడవ దశ మోటారులో ఇంధనాన్ని పోసినది సీ61 వైఫల్యానికి ముందా, తరువాతా అని అడగండి. మోటార్లను నెలల ముందే పోసి నిల్వ చేయడం మామూలే కనుక, ఆ ఒక్క తేదీ తెలిస్తే మిగతా జవాబులను ఎలా చదవాలో తెలుస్తుంది.

---

బాలానగర్_లేత్ | 2026 జనవరి 24

నాదీ ఒక ప్రశ్న చేర్చండి. సీ61 విచారణలో ఎంతమంది సరఫరాదారుల విడతలను పక్కన పెట్టారు, వారిలో ఎంతమందికి ముగింపు లేఖ ఇచ్చారు?

---

కక్ష్య_1971 | 2026 జనవరి 25

ఆరు ప్రశ్నలతో దరఖాస్తు చిత్తుప్రతిని ఈ చర్చకు జతచేశాను. న్యాయదర్పణం గారు ఒకసారి భాష చూసి, పదవ సెక్షన్ ప్రస్తావన ఎక్కడ ఉండాలో సూచిస్తే సోమవారం పంపిస్తాను. జవాబు ఏది వచ్చినా, నిరాకరణ వచ్చినా, యథాతథంగా ఇక్కడే పెడతాను. మత్స్యకారుల పరిహారం విషయం ఇస్రో పరిధిలో ఎంత, రాష్ట్ర మత్స్య శాఖ పరిధిలో ఎంత అన్నది తేలలేదు గనుక దానిని ఇందులో కలపలేదు. సూళ్లూరుపేట వాసి గారు గత రెండేళ్లలో వేట ఆపమని వచ్చిన నోటీసుల తేదీలు సంపాదించగలిగితే, దానికి వేరే దరఖాస్తు రాద్దాం.